ఓబర్‌జూల్‌లో రెండొందలో మనిషి

శుక్రవారం సాయంత్రమైతే ఈ అరబ్బు దేశంలో, కల్బాలో మాకు వేరే సినిమా అక్కర్లేదు. నబీ రసూల్ భాయ్ దర్జీ షాపు షట్టరు దించి ఉంటుంది, ముందున్న మెట్ల మీదకి నీడ దిగుతుంది, వెనకింట్లోంచి ఆయన భార్య సర్వర్ బేగం ఫ్లాస్కు నిండా చాయ్ పంపిస్తుంది, మా అంజిబాబు నోరు తెరుస్తాడు. అంజిబాబుది రాజోలు. ఏసీ మెకానిక్కు. నేను ఆడి హెల్పర్ని, వెంకీ అంటారు, ఇద్దరిదీ ఒకే కంపెనీ, కంపెనీ క్యాంపులో ఒకే రూము. ఆడి మంచం కింద, నాది పైన. అంచేత ఆడి కోతలు నాకు వారమంతా వినబడతాయి. శుక్రవారం మాత్రం ఇస్త్రీ చేసి మరీ చెప్తాడు.

నబీ భాయ్‌ది కదిరి. ఏళ్ళ తరబడి అరబ్బులు తొడిగే పొడుగాటి తెల్ల కందూరాలు కుట్టీ కుట్టీ మెడ ముందుకి వంగిపోయిన మనిషి. ఆ మెట్ల మీద ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ఫ్లాస్కులో చాయ్ ఉన్నంతసేపూ అంజిబాబుని ఎగతాళి చెయ్యొచ్చు గానీ, "అబద్ధం" అనకూడదు. "వారమంతా అర్బాబులకి ఊఁ కొడతాండాం గదప్పా, ఒక్క పూట మనోడికి కొడితే ఏం పోతాది?" అంటాడు. అర్బాబంటే ఇక్కడ యజమాని.

ఆ శుక్రవారం రాజ్యం అక్క కూడా వచ్చింది. అక్కది ముమ్మిడివరం, సముద్రం ఒడ్డున ఒక పెద్ద విల్లాలో వంటా పిల్లల పనీ చూస్తుంది. ఎప్పుడొచ్చినా మెట్లెక్కక ముందే నవ్వే మనిషి, ఆ రోజు ఫోను చేతిలో నలుపుకుంటూ వచ్చి కూర్చుంది.

"మా మామా ఈ ఎండాకాలం పిల్లల్ని తీసుకుని ఆస్ట్రియా ఎల్తందంట," అంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. "ఏదో కొండల్లో పల్లెటూరంట. నన్నూ రమ్మంటంది. వత్తే, తిరిగొచ్చాక రెండు నెలలు ఇంటికి పంపుతానంది. రానంటే ఆ సెలవు ఇంకో పనమ్మాయికి ఇచ్చేత్తదంట. రేపు పొద్దున్నే వీసాకి కాగితాలు ఎల్లాలి, ఇయ్యాల పొద్దుగూకే మగ్రిబు నమాజు లోపు ఏ సంగతీ ఫోన్ చేసి చెప్పమంది."

"ఇందులో ఆలోచించేదేముందక్కా? ఎల్లిపో," అన్నాను.

"నీకేం రా, చెప్తావు. మా అమ్మాయి విజయదుర్గకి పిల్ల పుట్టి పది నెలలైంది. ఫోన్లో ఏడుపు వినడమే గానీ మొహం ఎరగను. ఎల్లాలనే ఉంది. కానీ ఆ మంచులో, ఆ కొండల్లో మనోళ్ళు ఒక్కరుండరంట. నాకేదన్నా అయితే? అందుకే అంజిబాబుని అడుగుదామని వచ్చాను. మొన్న మా ఇంట్లో ఏసీ బాగుచేత్తా నువ్వే అన్నావు కదా తమ్ముడూ, ఆస్ట్రియా అంతా నీ కాళ్ళకిందేనని. నువ్వు ఎల్లమంటే ఎల్తాను, వద్దంటే మానేత్తాను."

నేను అంజిబాబు మొహం చూశాను. ఆడి జీవితంలో ఇంత అదృష్టం ఎప్పుడూ తగల్లేదు. ఎదురెళ్ళి చెప్పడమే గానీ, ఆడిని వెతుక్కుంటూ వచ్చి చెప్పించుకునే మనిషిని ఆడు చూడనేలేదు. కాలు మీద కాలు వేశాడు.

"అడగాల్సినోణ్ణే అడిగావక్కా. నా నోట ఒక్క అబద్ధం దొర్లినా నా స్పానరొచ్చి నా కాలి బొటనవేలి మీదే పడాలి."

"నువ్వేసుకుంది సేఫ్టీ షూ కదరా," అన్నాను.

"నువ్వు చాయ్ పొయ్యరా ముందు. ఇది మూడేళ్ళ కిందట మాటక్కా. నీలం గేటు విల్లా అర్బాబు లేడూ, ఆయన కారులో ఏసీ పోయింది. కంపెనీ వాళ్ళొచ్చారు, కంప్యూటరు పెట్టారు, మొత్తం మార్చెయ్యాలన్నారు. నేను బానెట్ ఎత్తి ఒక వైరు ఇలా నొక్కాను. అంతే. చిన్న విషయం, గొప్పకి చెప్పట్లేదు. అర్బాబు లోపల కూర్చుని కళ్ళు మూసుకుని, 'యా అంజీ, నువ్వు లేకుండా నేనింక చల్లగా బతకలేను, ఎండాకాలానికి మేం కొండలకెల్తన్నాం, యల్లా, నువ్వూ పద' అన్నాడు. అలా ఎల్లాను. ఆ ఊరి పేరు ఓబర్‌జూల్. వేడి చాయ్ నోట్లో పెట్టుకుని పలికితే సరిగ్గా వత్తది."

"మా మామా చెప్పిన పేరు అదో కాదో," అంది రాజ్యం అక్క.

"అక్కడన్నీ ఒకటేలే అక్కా. ఇప్పుడు ఊరెలా ఉంటదో చెప్తాను విను. ఊరు మొత్తం నూరు పాళ్ళనుకో. నలభై పాళ్ళు అడవి, ముప్పయ్యైదు పాళ్ళు గడ్డి, రెండు పాళ్ళు ఇళ్ళు. మిగిలిందంతా దేనికీ పనికిరాదని ఆళ్ళ బలదియా వాళ్ళే ఊరి మొదట్లో బోర్డు రాసి పెట్టారు. రాయీ, మంచూను."

బలదియా అంటే ఇక్కడ మా మున్సిపాలిటీ ఆఫీసు. ఆస్ట్రియాలో కూడా దాన్ని అదే అంటారని ఆ రోజే తెలిసింది నాకు.

"దేనికీ పనికిరాదని వాళ్ళే రాసుకున్న్యారా?" అన్నాడు నబీ భాయ్. "మా కదిరి పక్క అయితే దానికీ పట్టా అడుగుతారప్పా."

"అదే చెప్తన్నా భాయ్, మంచోళ్ళు. మన కోనసీమలో నేలెలా ఉంటది? పళ్ళెంలో అన్నం సర్దినట్టు ఉంటది. అక్కడ అలాక్కాదు. ఊరంతా గోడకి అంటించినట్టు ఉంటది. పై ఇంటోడు బంగాళాదుంప తవ్వితే అది దొర్లుకుంటా ఎల్లి కింది ఇంటోడి వంటింట్లో తేల్తది. అంచేత పై ఇంటోడికి కూరుండదు, కింది ఇంటోడికి పొలముండదు. మరి కొట్టుకోరా అంటావు. కొట్టుకోరు. ఎందుకనంటే పై ఇంటి పిల్లని కింది ఇంటికే ఇత్తారు. సారె మొయ్యక్కర్లేదు. మంచం, బీరువా, బిందెలు, అరిసెల డబ్బా, అన్నీ గుమ్మంలో పెట్టి ఒక్క తోపు తోత్తారు."

"మరి పెళ్ళికూతురో?" అన్నాను.

"పెళ్ళికూతురు నడిచే వత్తదిరా, మర్యాద ఉండొద్దూ!"

నబీ భాయ్ చాయ్ పొలమారింది. రాజ్యం అక్క మాత్రం నవ్వలేదు.

"ఓరి నాయనో, అంత ఏటవాలా? నేను మా మామా ఇంట్లో మేడమెట్లే గోడ పట్టుకుని దిగుతాను తమ్ముడూ."

"అబ్బెబ్బే, భయపడకక్కా. జారితే జారతావు, ఎక్కడికీ పోవు. కింది ఇంటోళ్ళు తలుపు తీసే ఉంచుతారు."

అది ధైర్యం చెప్పడమని ఆడి ఉద్దేశం. అక్క ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేం బస్సు దిగేసరికి ఊరు ఊరంతా చర్చి ముందు నిలబడి ఏడుత్తంది. విషయమేంటంటే, ఆ ఊరి జనాభా రెండొందలు. రెండొందల మంది ఉంటేనే ఊరికి బలదియా ఉంటది, పేరు బోర్డు ఉంటది, పోస్టుమాను వత్తాడు. ఒక్క మనిషి తగ్గినా బోర్డు పీకేసి, కొండకి అవతలున్న ఊంటర్‌జూల్‌లో కలిపేత్తారు. ఈళ్ళకీ ఆళ్ళకీ తాతల నాటి నుంచీ పడదు. మన లంకలు రెండు కలిపి ఒకే సర్పంచిని ఎన్నుకోమంటే ఊరుకుంటామా? అదే గొడవ. ఆ పొద్దున్నే ఒక ముసలమ్మ పోయింది. నూటతొంభై తొమ్మిది! మనిషి పోయినందుకు ఏడవాలో లెక్క పోయినందుకు ఏడవాలో తేల్చుకోలేక రెండు విడతలుగా ఏడుత్తన్నారు పాపం."

"అప్పుడు తమరు దిగినారు," అన్నాడు నబీ భాయ్.

"అప్పుడు నేను దిగాను! బస్సు మెట్టు మీద నా కాలు చూశారు, ఏడుపాపేశారు. ఆళ్ళ సర్పంచి, ఆరడుగుల మనిషి, టోపీలో ఈక, నా దగ్గరకొచ్చి ఇలా భుజం పట్టుకుని చూశాడు. నిజం మనిషేనా అని. 'ఏ ఊరు బాబూ?' అన్నాడు. 'రాజోలండి' అన్నా. 'ఇయ్యాల్టి నుంచీ ఓబర్‌జూల్' అన్నాడు. ముద్ర కొట్టేశాడు. జనాభా రెండొందలు. బాజాలు మొదలు!"

"ఆగాగు," అన్నాను. "నీతోపాటు అర్బాబూ దిగాడు కదా, ఆయన పెళ్ళాం పిల్లలూ దిగారు కదా. ఆళ్ళని లెక్కెయ్యలేదా?"

అంజిబాబు ఒక్క క్షణం తడుముకున్నాడు. అంతే, ఒక్క క్షణం.

"ఆళ్ళు టూరిస్టులు రా. నేను పనోణ్ణి. పనిచేసేవాణ్ణే మనిషి కింద లెక్కేసే దేశం అది."

నబీ భాయ్ గ్లాసులోకి చూస్తూ, "ఆ ఒక్క ముక్క నిజమైతే ఎంత బాగుండునప్పా," అన్నాడు. తర్వాత తనే, "సరే, చెప్పు చెప్పు," అన్నాడు.

"చెప్పేదేముంది భాయ్, ఇంక నన్ను వదిల్తే కదా! నేను బస్టాపు వైపు రెండడుగులేత్తే చర్చి గంట కొట్టేవారు. ఊరంతా పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడేవారు. నేను దగ్గితే డాక్టరు. తుమ్మితే ఇద్దరు డాక్టర్లు. ఒకసారి నాకు జొరమొత్తే ఊళ్ళో పొయ్యిలో పిల్లి లేవలేదు. అర్బాబు నాలుగు రోజులు గింజుకున్నాడు, నా మనిషిని నాకిచ్చెయ్యండని. ఆయనకొక ఆవునిచ్చి పంపేశారు."

"వదల్లేదా?" అంది రాజ్యం అక్క. గొంతు మారింది. "ఎల్లినోళ్ళని ఉంచేసుకుంటారా?"

"ఉంచుకోకుండా! మనిషికి మొహం వాచిన ఊరక్కా అది. ఇంక నీలాంటి వంటమనిషి దొరికితే వదుల్తారా? నువ్వు గుత్తొంకాయ చేత్తే ఆ కొండకి గేటు పెట్టేత్తారు."

అక్క ఫోను గట్టిగా పట్టుకుంది. నేను అంజిబాబు కాలు తొక్కాను. సేఫ్టీ షూ. ఆడికి తెలీలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాజధాని నుంచి లెక్కలాయన వచ్చాడు. కొత్త రూలొచ్చిందండి, రెండొందలు చాలదండి, నాలుగొందలుండాలండి, లేకపోతే రేపే బోర్డు పీకుతామండి అన్నాడు. సర్పంచి నా కాళ్ళ మీద పడ్డాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలుసా వెంకీ?"

"నీ కాళ్ళకి చక్కిలిగింతేమో."

"ఎహె! మన క్యాంపు గుర్తొచ్చిందిరా. ఆరుగురుండాల్సిన రూములో పన్నెండుమందిమి ఉంటన్నామా? ఇన్‌స్పెక్టరు వత్తే ఏం చేత్తాం? ఆయన మొదటి రూములో లెక్కెడుతుంటే అందులో ఎక్కువైనోళ్ళు చివరి రూములో, చివరి రూముకొచ్చేసరికి కిటికీ దూకి మొదటి రూములో. పన్నెండుమందిని ఆరుగురి కింద చూపించిన చేతులురా ఇవి! ఆరుగుర్ని పన్నెండు చెయ్యడం ఎంతసేపు? అదే పని వెనకనించి చెయ్యడమే కదా."

ఇది మాత్రం నిజం. క్యాంపులో ఆ ఏర్పాటు మొత్తం అంజిబాబుదే. ఎవరు ఏ కిటికీలోంచి దూకాలో ఆడే చెప్పేవాడు.

"లెక్కలాయన పై ఇంటి నుంచి మొదలెట్టాడు. ఆయన లెక్కపెట్టి, సంతకం చేసి, మెలికల రోడ్డు మీద తాపీగా దిగుతుంటే, లెక్కైపోయినోళ్ళు వెనక గుమ్మంలోంచి కూలబడి జర్రున జారుకుంటా కింది ఇంట్లో పడేవారు. టోపీ మార్చెయ్యడమే. పై ఇంట్లో తాత, కింది ఇంట్లో శాలువా కప్పుకుని అమ్మమ్మ. పై ఇంట్లో పాలేరు, కింది ఇంట్లో పంతులు. ఊళ్ళో చంటిపిల్ల ఒక్కత్తే ఉంది. దాన్నే ఉయ్యాలతో సహా ఇంటింటికీ జార్చాం. ఏడో ఇంటికొచ్చేసరికి అది లెక్కలాయన్ని చూసి చేతులు చాపి నవ్వడం మొదలెట్టింది, రోజూ చూసే మొహం అనుకుని. ఆయన మురిసిపోయి ఎత్తుకున్నాడు. చివర్లో మనుషులు అలిసిపోతే ఒక ఆవు తలకి గుడ్డ కట్టి కుర్చీలో కూర్చోబెట్టాం. 'ఈవిడ మాట్లాడదా?' అన్నాడు. 'మూగదండి, మనసు మంచిది' అన్నా. మొత్తం ఎంత తేలిందో తెలుసా? ఎనిమిదొందల నలభై!"

నబీ భాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆవుకి పేరేం రాయించినావప్పా?"

"ఆయన రాసుకుందేదో రాసుకున్నాడు భాయ్, నాకు గుర్తులేదు. నేను అబద్ధం చెప్పను."

ఇక్కడితో ఆపినా బాగుండేది. కానీ రాజ్యం అక్క కళ్ళింత చేసుకుని వింటోంది, ఆడికి ఆ కళ్ళే కనబడుతున్నాయి తప్ప అందులో ఉన్న భయం కనబడట్లేదు.

"అయితే కాగితం మీద పెరిగింది జనాభా. నిజం జనం ఏరీ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరి నెత్తిన మంచుగడ్డ ఒకటుంది, మన కల్బా అంతుంటది. అది కరిగిపోతందని గోల. ఒకడు ఎండ అంటాడు, ఒకడు పొగ అంటాడు, ప్రొఫెసర్లొచ్చి గొట్టాలు దింపుతారు. నేను చెవి ఆనించి విన్నా. స్‌స్‌స్... గ్యాస్ లీకు! సబ్బునీళ్ళు రాశా. బుడగలొచ్చాయి. బ్రేజింగు చేసి అతికించి, గేజి పెట్టి, నాలుగు సిలిండర్లు గ్యాస్ ఎక్కించా. ఇంక చూస్కో నా సామిరంగా! జూలై నెలలో యూరప్ యూరపంతా అటకల మీంచి దుప్పట్లు దింపుకుంది. చేపలు ఏట్లోంచి బయటికొచ్చి ఒడ్డున ఎండకి కూర్చున్నాయి."

"ఖలాస్," అన్నాను నేను. "ఇంక ప్రపంచంలో ఏసీలే అక్కర్లేదు, మన ఉద్యోగాలు పోయాయి."

"ఆగరా, నువ్వు హెల్పరువి, అసలు సంగతి నీకే తట్టాలి. లోపల చల్లగా ఉంటే బయటికి ఏం తోలాలి? వేడి! ఔట్‌డోర్ యూనిట్ ఎటు తిప్పాలి? ఊంటర్‌జూల్ వైపు తిప్పేశా. వారం తిరక్కుండా ఆళ్ళూళ్ళో మంచంతా పోయి మామిడి పూత పట్టింది. ఆళ్ళకి ఉక్కపోతంటే ఏంటో తెలీదు కదా పాపం, కోట్లు ఇప్పేశారు, చొక్కాలు ఇప్పేశారు, ఇంక ఇప్పడానికేం లేక పరుపులు నెత్తిన పెట్టుకుని కొండెక్కి మా ఊరొచ్చేశారు. ఆళ్ళ వెనక ఆళ్ళ పక్కూరు. దాని వెనక టౌను. దాని వెనక ఇటలీ! రెండొందలు రెండు వేలైంది, రెండు లక్షలైంది, పోస్టుమాను ఉద్యోగం మానేశాడు. ఇంటికి ఇరవై మంది, మంచానికి ముగ్గురు, మన క్యాంపులాగే. నేను షిఫ్టులేశా. పగలు పడుకునేవాళ్ళు, రాత్రి పడుకునేవాళ్ళు."

"అంతమందిని ఆ కొండ మోసినాదా?" అన్నాడు నబీ భాయ్.

"అదీ అడగాల్సిన మాట! మొయ్యలేదు భాయ్. కుంగింది. పొద్దున్న లేచి చూత్తే శిఖరం మెడ దాకా, సాయంత్రానికి నడుం దాకా. సర్వే వాళ్ళొచ్చి కొలిత్తే కొండ నేలకొచ్చేసింది. పై ఇంటోడూ కింది ఇంటోడూ ఒకే అరుగు మీద కూర్చున్నారు. కరిగిన నీళ్ళు చుట్టూ తిరిగి పాయలయ్యాయి. ఇటో పాయ, అటో పాయ, మధ్యన లంక. చూద్దును కదా, అచ్చం రాజోలు! నేను కొబ్బరి మొక్కలు తెప్పించి గట్టు పొడుగూతా వేయించా. నల్లమట్టి, అలా పట్టుకుంటే ఇలా పట్టేసింది. సాయంత్రం రేవులో పడవొత్తది. దాంట్లోంచి మా అమ్మ దిగుతది, చేతిలో సంచి, సంచిలో పనసతొనలు..."

ఆగాడు. పనసతొనలు ఓబర్‌జూల్‌లోకి ఎలా వచ్చాయో ఆడికే తెలియనట్టు మా ముగ్గురి వంకా చూశాడు. నబీ భాయ్ ఈసారి నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

రాజ్యం అక్క లేచి నిలబడింది. చెంగుతో కళ్ళొత్తుకుని ఫోను మీద నంబరు నొక్కడం మొదలెట్టింది.

"మగ్రిబు అయ్యేలా ఉంది. రానని చెప్పేత్తాను," అంది.

"అదేంటక్కా?" అన్నాడు అంజిబాబు.

"నువ్వే చెప్పావు కదా తమ్ముడూ. నిలబడితే జారే కొండ. పట్టుకుంటే వదలని జనం. మగోడివి, గట్టోడివి, నువ్వే తప్పించుకోలేకపోయావు. నేనేం తప్పించుకుంటాను? అక్కడే ఉండిపోతే నా మనవరాలు నాకు ఫోన్లో ఏడుపే. సెలవు పోతే పోయింది. ఇంకో రెండేళ్ళు ఆగి, అప్పుడే చూత్తాను. అప్పటికి అదే నడిచి వత్తది నా దగ్గరికి."

అంజిబాబు కాలు మీంచి కాలు దించాడు.

నబీ భాయ్ ఫ్లాస్కు ఊపి చూశాడు. ఇంకా ఉంది చాయ్. అయినా గ్లాసు కింద పెట్టేశాడు.

"అంజిబాబూ, ఒక మాట అడగతా. నీ పాస్‌పోర్టు యాడుందప్పా?"

"కంపెనీలో, భాయ్."

"ఎప్పట్నుంచి?"

అంజిబాబు నా వైపు చూశాడు. నేను మెట్టు మీద చీమల్ని చూస్తున్నాను.

"ఫ్లయిటు దిగిన రోజు నుంచి."

"మధ్యలో ఒక్క దినమన్నా నీ చేతికొచ్చినాదా?"

"... లేదు."

"మరి ఆస్ట్రియాకి యాట్ల పోయినావు? ఈ సముద్రంలో ఈదుకుంటా పోయినావా?"

అక్క బొటనవేలు ఆఖరి అంకె మీద ఆగిపోయింది. ఆ మెట్ల మీద మొట్టమొదటిసారి అంజిబాబు గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేను ఈ పక్కనున్న మసాఫీ దాటి అవతలికి ఎల్లింది లేదక్కా. వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి బస్సులో ఇలా వచ్చాను, అంతే. అయిదేళ్ళైంది. రాజోలే ఎల్లలేదు, ఆస్ట్రియా ఎక్కడెల్తాను? మీ ఇంట్లో ఏసీ కింద నిలబడితే చల్లగా తగిలి ఏదో అనేశాను."

"అయితే ఆ జారిపోవడం?"

"లేదక్కా."

"ఎల్లినోళ్ళని ఉంచేసుకోవడం?"

"ఎవడుంచుకుంటాడక్కా మనల్ని? పనవ్వగానే పంపేత్తారు."

"మరి చలి సంగతి?"

"అదుంటదనే అనుకుంటన్నా. స్వెట్టరు పట్టుకెల్లు."

రాజ్యం అక్క కాలి చెప్పు తీసింది. ఆడు తల అడ్డం పెట్టుకున్నాడు. వీపు మీద రెండు తగిలించింది, గట్టిగానే.

"ఓరి నీ కోతలు కాకులెత్తుకెళ్ళా! మాటలు కోటలు దాటతాయంటారు, నీవి కొండలు దాటి నా మనవరాలి మీద పడ్డాయి కదరా! ఇంకొక్క నొక్కు నొక్కుంటే దాని మొహం చూసే యోగం పోయుండేది నాకు. మనిషి బతుకు గురించి అడిగితే కథ చెప్తావా?"

"నువ్వు అంత శ్రద్ధగా వింటంటే ఆగలేకపోయానక్కా."

ఆ మాటకి కోపంలోనే ఆవిడకి నవ్వొచ్చేసింది. చెప్పు వేసుకుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎత్తగానే గొంతు సవరించుకుని, "ఐవా మామా, ఐ కమ్. ఎస్, ఎస్. రాజ్యం కమ్," అంది. అన్నాక గట్టిగా ఊపిరి వదిలి, కొంగు దులుపుకుని మెట్లు దిగింది. గోడ పట్టుకోలేదు.

నబీ భాయ్ అంజిబాబు గ్లాసు నింపాడు. ఆడు తాగలేదు. అక్క రోడ్డు దాకా వెళ్ళాక లేచి నిలబడ్డాడు.

"అక్కా," అని పిలిచాడు. "ఎల్లొచ్చాక ఒకసారి ఇటు రా. ఆ ఊరు నిజంగా ఎలా ఉంటదో నాకు చెప్పవా?"

ఆవిడ వెనక్కి తిరిగింది.

"వత్తాను. చూసింది చూసినట్టు చెప్తాను. కానీ నువ్వు నమ్మవురా."